చూద్దాం

నగోయా హెడ్డాఫీసు కంప్యూటర్లో నేను విదేశీ ఉద్యోగిని.
ఒరగడం వెళ్ళే కంపెనీ బస్సులో
కిటికీ సీటు కోసం రోజూ పోట్లాడే తెలుంగు పొణ్ణుని.
హైమవతి అన్న పేరు నిషిగాకి గారి నోట్లో
హైమబతి-సాన్ అయింది.
మూడేళ్ళకి, ఫోనెత్తి నేనే అలా చెప్పుకుంటున్నాను.

పొద్దున్న ఏడూ యాభై ఐదుకి స్పీకర్లో పియానో.
ఫిట్టర్లూ మేనేజర్లూ ఒకే బూడిదరంగు చొక్కాల్లో
చేతులు పైకి, పక్కకి, నడుం కిందికి.
రెండో వరసలో సుడలైముత్తు మాత్రం
పియానోని పట్టించుకోడు.
వాళ్ళ ఊరి కొడై పండక్కి డప్పు వింటున్నట్టు వంగుతాడు.

నా పని మాటలు మొయ్యడం.
చెవిలోకి జపనీసు, నోట్లోంచి తమిళం.
మధ్యలో ఎక్కడో, పేస్లిప్పులో కనపడని చోట, తెలుగు.
మాట అక్కడ ఒక్క క్షణం కూలబడి
మంచినీళ్ళు తాగి లేస్తుంది.

"అది కొంచెం..." అని ఆగిపోతారాయన.
మిగతా వాక్యం కోసం పెన్ను పట్టుకుని
నేను ఆర్నెల్లు ఎదురుచూశాను.
కొంచెం తర్వాత ఏమీ లేదు. ఆ కొంచెమే మొత్తం.

"కెంతో షిమస్" అంటే పరిశీలిస్తాం.
పరీక్షలో అలాగే రాసి మార్కులు తెచ్చుకున్నాను.
అసలు అర్థం రెండో వానాకాలానికి తెలిసింది,
క్యాంటీన్ షెడ్డు కురుస్తోందని మూడుసార్లు అడిగి
మూడుసార్లు పరిశీలన చేయించుకుని
నాలుగోసారి సాంబారన్నంలో వాన కలుపుకుని తిన్నాక.
అప్పుడు గుర్తొచ్చాడు, సూళ్ళూరుపేటలో మా పెదమావయ్య.
అప్పడిగినవాళ్ళని కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి,
"చూద్దాంలే" అనేవాడు.
వాళ్ళు గ్లాసు కింద పెట్టి, చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయేవాళ్ళు.
ఏం చూశావని అడగడానికి ఒక్కడూ మళ్ళీ రాలేదు.

మార్చి నెలాఖరు. ఏసీ గది.
పధ్నాలుగు మంది కాంట్రాక్టు వాళ్ళు, టోపీలు ఒళ్ళో పెట్టుకుని.
వెల్డింగు లైన్లోకి కొత్త యంత్రాలు దిగి పది రోజులు.
నిషిగాకి గారు కాగితం చూడకుండా మాట్లాడారు, చాలాసేపు.
ఎండల గురించి మొదలుపెట్టి, వాళ్ళ చేతుల గురించి,
ఒక్క డిఫెక్టూ లేని నవంబరు గురించి.
కాంట్రాక్టు సంగతి చిట్టచివర, గొంతు తగ్గించి:
కెంతో షిమస్.

పధ్నాలుగు మందీ నా నోటివైపు చూశారు.
పరిశీలిస్తారట అంటే అబద్ధం.
లేదంటున్నారు అంటే ఆయన అనని మాట.
డిక్షనరీలో ఈ రెండింటి మధ్య పేజీ లేదు.
"పాక్కలామ్ అంటున్నారు" అన్నాను తమిళంలో.
చూద్దాం అంటున్నారు.

సుడలైముత్తు నవ్వాడు. వెటకారంగా కాదు, మామూలుగానే.
"దీనికి మధ్యలో నువ్వెందుకమ్మా," అన్నాడు,
"మా పాత మేస్త్రీదీ ఇదే భాష."
టోపీ బల్లమీద బోర్లించి లేచాడు.
ఇంకొకడు లేచాడు. తర్వాత కుర్చీల చప్పుడే.

ఏమన్నాడని అడిగారు నిషిగాకి గారు.
అర్థమైందన్నాడు అని చెప్పాను.
ఆయన తల ఊపి, ఆ టోపీలన్నిటినీ
అంచులు కలిసేలా ఒక వరసలో సర్దుతూ కూర్చున్నారు.

సాయంత్రం బస్సులో వాళ్ళూ నేనూ.
గేటు పక్కన, లారీ దుమ్ములో, ఆయన ఒక్కరే
నడుం దగ్గర్నుంచి వంగి ఉన్నారు.
బస్సు కదిలినా లేవలేదు. మలుపు తిరుగుతున్నా లేవలేదు.
అదేమిటో నాకు తెలుసు.
చేతిలో మాటలే లేవు, మొయ్యడానికి.

వెనక సీటు కుర్రాడు కిటికీలోంచి తల బైటపెట్టి అడిగాడు:
"ఏంటక్కా, ఆయన కిందేమన్నా పారేసుకున్నారా?"

జవాబు వెతుక్కునేలోపు వల్లం దాటిపోయింది.
కిటికీ సీటు కోసం ఆ రోజు
నాతో ఎవరూ పోట్లాడలేదు.